టైల్స్ పని శిక్షణ: జమా ఖర్చుల వివరణ

తాపీ పని వచ్చినా బడి చదువు లేని పదహారు మందికి విట్రిఫైడ్ టైల్స్ పరచడం పది రోజులు నేర్పించాం. ఆ డబ్బు లెక్క ఇది. రసీదులు, వేలిముద్రల రిజిస్టరు సంఘం ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జమ: 62 మంది సభ్యుల చందా తలకు 500 చొప్పున 31,000. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు 45,000. సిమెంటు, హార్డ్‌వేర్ దుకాణాలవారు 38,000. పాత నిల్వ 6,400. వెరసి రూ. 1,20,400.

ఖర్చులో సగం పైన, అంటే 59,200, నేర్చుకోవడానికి వచ్చినవారు పోగొట్టుకున్న కూలి భర్తీకే పోయింది. నేర్పుతూ ఎదురు డబ్బులివ్వడమేంటని కొందరు అడిగారు. ఏ రోజు కూలి ఆ రోజు ఇంటికి చేరాల్సినవాడు పది రోజులు ఊరికే వచ్చి కూర్చోడు. రోజుకు 400 ఇచ్చాం, బయటి కూలికి అది తక్కువే. అందుకే ఇద్దరు నాలుగు రోజులకే స్లాబు పనికి వెళ్లిపోయారు. వాళ్లకు నాలుగు రోజులదే రాశాం.

నేర్పిన మేస్త్రీకి 12,000. రెండడుగుల టైల్స్ 15 పెట్టెలు, అంటే 240 చదరపు అడుగులు, 9,600. టైల్ గమ్ (నీళ్లతో కలిపి టైల్స్ అంటించే పొడి) 20 కిలోల బస్తాలు 12, ధర 5,400. 240 చదరపు అడుగులకు ఐదారు బస్తాలు చాలవా అంటే, అవే టైల్స్ ఊడదీసి, కడిగి మళ్లీ పరిపించాం. రెండు బస్తాలు మాత్రం మా తప్పే: ఒకేసారి మొత్తం కలిపేస్తే ఎండకు బిగుసుకుపోయాయి. ఆ తర్వాత సగం బస్తాకు మించి కలపలేదు. అక్షరాలు రానివారికి సగం బస్తాకు నీళ్ల కొలత తెలిసేలా బకెట్ లోపల రెండున్నర లీటర్ల దగ్గర రంగు గీత గీశాం.

సిమెంటు పాలు పోస్తే చాలదా? విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు అర శాతం లోపే, పాలు దానికి పట్టవు. గమ్ కూడా నాలుగు మూలల ముద్దలు పెట్టి అంటిస్తే మధ్యలో డొల్లే. బరువు పడితే పగులుతుంది. అందుకే గమ్‌ను అంతటా సమంగా పరిచే పళ్ల తాపీలు 16 (2,880), రబ్బరు సుత్తులు 8 (1,200), చేతి కట్టర్ (4,500) కొన్నాం. ఇవి సంఘం ఆస్తి, అడిగి తీసుకెళ్లొచ్చు.

కోత బ్లేడ్లు 700. మాస్కులు, కళ్లద్దాలు 2,560. నీళ్లు పోయకుండా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగుతుంది, ఇక్కడ బేరం లేదు. టీ, భోజనాలు 9,500. కరెంటు 600. షెడ్డు ఉచితం.

మొత్తం ఖర్చు 1,08,140. నిల్వ 12,260. శిక్షణ పూర్తిచేసిన పద్నాలుగు మందిలో భవన కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు లేనివారికి దరఖాస్తు పెట్టించడానికి దీన్ని వాడతాం. వయసు 18–60 మధ్య ఉండాలి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. మేస్త్రీలు ఆ రోజుల లెక్క ఇప్పుడే రాసి ఉంచండి.