పిల్లలు తెరిచే మెయిల్‌కి కవరు ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ మధ్య విజయవాడ వచ్చినప్పుడు, ఏడో తరగతి చదివే మా చెల్లెలి కూతురు ట్యాబ్ తెచ్చి “పెద్దమ్మా, ఇదేంటో చూడు” అంది. స్కూలు పనికని తెరిచిన మెయిల్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన బూతు ఫొటో. సబ్జెక్టులో మాత్రం ‘నీ మార్కుల వివరాలు’ అని ఉంది. ఏ పిల్లయినా తెరుస్తుంది కదా!

2003లో న్యూజెర్సీలో మా ఇంట్లోనూ ఇదే జరిగింది. తాతయ్య ఉత్తరం రాశారేమోనని మెయిల్ తెరిచిన మా తొమ్మిదేళ్ల అబ్బాయి భయపడి కంప్యూటర్ ప్లగ్ పీకేశాడు. వారం దాకా నాతో చెప్పలేదు. తప్పు తనదే అనుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆ ఏడాది డిసెంబరులోనే అమెరికాలో వాణిజ్య మెయిళ్లను అదుపు చేసే క్యాన్‌-స్పామ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం వినియోగదారులను మోసాల నుంచి కాపాడే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నిబంధన 2004 మే 19 నుంచి అమలైంది. అడగకుండా పంపే ఇలాంటి వాణిజ్య మెయిల్ సబ్జెక్టు ‘సెక్సువల్లీ ఎక్స్‌ప్లిసిట్’ (అంటే బూతు ఉంది) అన్న మాటతోనే, అదీ క్యాపిటల్ అక్షరాలతో మొదలవ్వాలి. అందరూ ఒకే మాట వాడితే ఆ మాటను బట్టి మెయిళ్లను నేరుగా చెత్తబుట్టలోకి పంపేయొచ్చు. నేనూ అలాగే సెట్ చేసుకున్నాను. కొన్ని దొరికాయి, చాలా దొరకలేదు.

నాకు మరీ నచ్చింది రెండో షరతు. మెయిల్ తెరవగానే బొమ్మ కనపడకూడదు. ముందు ఆ హెచ్చరిక, ఇక పంపొద్దని చెప్పే దారి, పంపినవాళ్ల పోస్టల్ అడ్రసు మాత్రమే ఉండాలి. కావాలనుకున్నవాళ్లు కిందికి జరిపితేనో, నొక్కితేనో మిగతాది. ఖాకీ కాగితం చుట్టి పంపినట్టన్నమాట. మా అబ్బాయికి ఆ రోజు ఆ కాగితం ఉండి ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

దొంగలు నిబంధనలు పాటిస్తారా అని మావారు అప్పుడే అన్నారు. నిజమే, చాలామంది పాటించలేదు. అయితే 2005 జులైలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏడు కంపెనీల మీద చర్య తీసుకుంది. మెయిళ్లు పంపింది కంపెనీల దగ్గర డబ్బు తీసుకుని పనిచేసే బయటివాళ్లయినా, వాళ్లకు డబ్బిచ్చి లాభపడే కంపెనీలనే పట్టుకుంది. నా దృష్టిలో అసలు కీలకం అక్కడుంది.

మన దేశంలో ఇలాంటివి పంపడమే నేరం. ఐటీ చట్టం సెక్షన్ 67ఎ కింద మొదటిసారికే అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. కాబట్టి ముద్ర వేసి పంపుకోండని ఇక్కడ చెప్పలేం. కానీ ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల సంగతి చూడండి. పంపినవారి పేరు చివర ‘పి’ అన్న ఇంగ్లిష్ అక్షరం ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో నిబంధన పెట్టింది. విసిగిస్తే 1909కి ఫిర్యాదు చేయొచ్చు. ఈ-మెయిల్ మాత్రం ఆ నిబంధనల్లో లేదు. ప్రకటనల మెయిళ్లకూ అలాంటి గుర్తు పెట్టాలి, ఫిర్యాదుకు ఒక చోటు చూపించాలి. పంపినవాడు దొరకకపోతే, ఆ మెయిల్ వల్ల డబ్బు చేసుకునేవాడే జవాబు చెప్పేలా కేంద్రం నిబంధన తేవాలి. మన ఎంపీలు ఈ విషయం పార్లమెంటులో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ