శీనుగాడికి ఉత్తరం: బ్రూనో గిన్నె సంగతి

సీతమ్మధార,
విశాఖపట్నం.

ఒరే శీనూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర మీ కుక్క బ్రూనోగాడికే పోయాయి, చివర్న రెండు లైన్లు పిల్లలకి. చెల్లెమ్మ చూడకుండానే పోస్టు చేసుంటావులే. సరే, నువ్వడిగిందానికి వస్తా. గిన్నె నిండా పోసి వదిలేస్తే వాడే ఆకలేసినప్పుడు తింటాడా, లేక టైముకి పెట్టి తీసెయ్యాలా? ల్యాబ్రడార్ విషయంలో ఇందులో వాదనే లేదురా. రెండు పూటలు, తూకం వేసి పెట్టు, పావుగంటయ్యాక గిన్నె ఎత్తెయ్. అంతే.

"మూగజీవానికి ఆ మాత్రం తెలీదా, ఎంత కావాలో అంతే తింటుంది" అని మీ నాన్నగారు అంటున్నారని రాశావు. పిల్లికైతే కొంత తెలుసు. రోజంతా కాస్త కాస్త కొరుక్కుంటూ తిరగడం దాని అలవాటు. కుక్క అలా కాదు, దొరికినప్పుడు దొరికినంతా లాగించేస్తుంది. అందులోనూ ల్యాబ్, అదే మన ల్యాబ్రడార్, మరీను. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్ష చేసి చూస్తే, నాలుగు ల్యాబ్‌లలో దాదాపు ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్కే లేదు. కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరాలంటే ఆ జన్యువు సరిగ్గా పనిచెయ్యాలి. అలాంటి కుక్క ముందు నిండు గిన్నె పెట్టి "నీ ఇష్టం" అంటే వాడి ఇష్టమేమిటో మనకి తెలిసిందేగా. 2002లో అచ్చయిన ఇంకో పరిశీలన ఉంది. 48 ల్యాబ్‌లని ఒకే ఈతలో పుట్టినవాటిని జతలుగా తీసుకుని, జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ పెడుతూ జీవితాంతం చూశారు. తక్కువ తిన్న గుంపులో సగం కుక్కలు 13 ఏళ్లు దాటి బతికాయి. రెండో గుంపులో సగం 11.2 ఏళ్లకే పోయాయి. మీ నాన్నగారికి ఈ లెక్క చదివి వినిపించు.

కానీ నా మాటకి అసలు కారణం లావు కూడా కాదు. కుక్క తన ఒంట్లో బాలేదని మనకి చెప్పే మొదటి మాట చాలాసార్లు తిండి మానెయ్యడమే. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంటే ఆ మాట నీకు వినపడదు. నువ్వు పోస్తూనే ఉంటావు, వాడు నిన్న తిన్నాడో లేదో ఎవరికీ తెలీదు. రెండు రోజులకి వాడు మూలన పడుకుంటే అప్పుడు గమనిస్తారు. మన తీరంలో ఏడాది పొడుగునా పిడుదులే. వాటి కాటుతో వచ్చే టిక్ ఫీవర్ మొదలయ్యేది కూడా ఇలాగే, కాస్త జ్వరం, తిండి మీద మనసు లేకపోవడం, ఆ తర్వాత చిగుళ్లు పాలిపోవడం, ముదిరితే ముక్కులోంచి రక్తం. పొద్దున ఏడింటికి గిన్నె పెట్టి, రోజూ ఎగబడేవాడు వాసన చూసి తల తిప్పుకున్నాడంటే, ఏడుంపావుకల్లా నీకు కబురందినట్టే.

ఇక మన ఊరి ఉక్క ఒకటుంది కదా. డ్రై ఫుడ్ గింజల పైన కొవ్వు పూత ఉంటుంది, వాసనకీ రుచికీ. మీ ఉక్కునగరం క్వార్టర్సు వరండాలో వానాకాలం గాలికి ఆ గింజ సాయంత్రానికల్లా మెత్తబడుతుంది. పొద్దున చిటుక్కున విరిగింది రాత్రికి వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. తేమ, వేడి, గాలి కలిస్తే కొవ్వు కనరెక్కుతుంది, బూజు చేరుతుంది. ఇంట్లోవాళ్లు చేసేదేమిటంటే, అడుగున పాతది ఉండగానే పైన కొత్తది పోస్తారు. ఆ అడుగు పొడి వారాల తరబడి అలాగే ఉంటుంది. చీమలు సరేసరి. వాటికంటే భయపడాల్సింది ఎలుకలకి. రాత్రంతా వరండాలో ఉన్న గిన్నె దగ్గరికి అవి రాక మానవు, వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది కుక్కకే కాదు మనుషులకీ అంటుతుంది. పెరుగన్నం, గుడ్డు, చికెన్ కలిపిందైతే ఎండాకాలం గంట దాటి బయట ఉంచకు. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉండాలి, దానికి టైము పెట్టకు.

పెద్ద బస్తా చవకని 15 కిలోలది కొన్నావు కదా, అది నీకు లాభం కాదు. తెరిచాక నెలలోపు అయిపోయే సైజే కొను. డ్రమ్ములో పొయ్యకు, కంపెనీ సంచీతోనే మూతి మడిచి క్లిప్పు పెట్టి, సంచీనే మూత గట్టిగా పట్టే డబ్బాలో దింపు. డ్రమ్ము గోడలకంటిన పాత కొవ్వు కొత్త సరుకుని కూడా పాడు చేస్తుంది. షాపులో మూతి విప్పిన బస్తాలోంచి కిలోల లెక్కన తూచి ఇచ్చేది అసలే వద్దు.

ఎంత పెట్టాలన్నది ఇప్పుడు లెక్కేద్దాం, ఫోను తియ్. బ్రూనో 36 కిలోలు, ఉండాల్సింది 30 అని డాక్టరు చెప్పారన్నావు. ఉండాల్సిన బరువుతోనే లెక్క. 30ని 30తో, మళ్లీ 30తో గుణిస్తే 27,000. దాని మీద వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కితే 12.8 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే సుమారు 900. ఇది ఊరికే పడుకున్నా ఖర్చయ్యే కెలోరీలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనయిన, ఒళ్లు సరిగ్గా ఉన్న పెద్ద కుక్కకి దీన్ని 1.6తో హెచ్చవెయ్యాలి, అంటే 1,440 దాకా. బరువు తగ్గాలి కాబట్టి మనవాడికి 900 దగ్గరే మొదలు. అందులో పదో వంతు, అంటే 90, చిరుతిళ్లకి వదిలెయ్. మిగిలింది 810. నీ సంచీ మీద వంద గ్రాములకి 360 కెలోరీలని ఉంటే రోజుకి 225 గ్రాములు, పూటకి 112. సంచీ మీది పట్టిక రోజంతటికీ కలిపి చెప్పేది, చాలామంది దాన్నే పూటకి అనుకుని రెట్టింపు పెట్టేస్తారు. గ్లాసుతో కొలవకు, ఒకరు తల కొట్టి పోస్తారు, ఇంకొకరు గోపురంలా పోస్తారు. వంటింటి కాటా వాడు. ఇంకొకటి, మామూలు ఫుడ్‌నే ఇంత తగ్గిస్తే ప్రోటీను, విటమిన్లూ తగ్గుతాయి. అందుకని బరువు తగ్గే రకం డైట్ ఫుడ్ ఏదో డాక్టర్ని అడుగు. దాని కెలోరీలు వేరుగా ఉంటాయి, లెక్క మళ్లీ చెయ్యాలి.

వారానికి ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతం తగ్గితే చాలు, వీడికి 360 నుంచి 720 గ్రాములన్నమాట. అంతకంటే బేగి తగ్గిపోతుంటే కాస్త పెంచు. వాణ్ని ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత నువ్వొక్కడివే ఎక్కి, తీసివేత చేసుకో. నడుం పట్టేస్తే నా పూచీ లేదు, ఆసుపత్రిలో పెద్ద కాటా ఉంటుంది. చేత్తో చూడాలంటే పక్కటెముకల మీద వేళ్లు ఆనించు. నొక్కకుండానే ఎముకలు తగలాలి, కంటికి మాత్రం కనపడకూడదు.

ఈ లెక్కంతా మీ ఇంట్లో ఎక్కడ తప్పుతుందో నేను ఇక్కణ్నించే చెప్పగలను. చెల్లెమ్మ ఏడింటికి పెడుతుంది. నువ్వు నైట్ షిఫ్టు దిగొచ్చి, వాడు ఏడుపుమొహం పెట్టగానే ఇంకోసారి పెడతావు. అమ్మ ఇడ్లీ తుంచి వేస్తుంది. రెండు ఇడ్లీలతోనే ఆ 90 అయిపోయిందిరా. చిన్నోడి బిస్కట్లు ఏ ఖాతాలో వెయ్యాలి? దీనికి ఒకటే మందు. రోజూ పొద్దున ఒక డబ్బాలో ఆ రోజుకి సరిపడా 225 గ్రాములూ తూచి పోసెయ్. ఎవరు పెట్టినా, "కూర్చో" అన్నందుకు చిన్నోడు బహుమతిగా ఇచ్చినా, అందులోంచే తియ్యాలి. డబ్బా ఖాళీ అంటే ఆ రోజుకి వంటిల్లు మూసినట్టే. అమ్మకి చెయ్యి ఊరుకోదంటే కీరా ముక్క, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్ పెట్టమను. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, సాంబారు, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉడికిన ఎముక, వీటికి బతిమాలినా ఒప్పుకోకు.

షిఫ్టులు మారుతుంటే టైమెలా అన్నావు. గడియారం కంటే మధ్యలో ఎడం ముఖ్యం. పది పన్నెండు గంటల ఎడంలో రెండు పూటలు, ఓ అరగంట అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. నిజానికి అంత కచ్చితంగా ఉండకపోవడమే మేలు, లేకపోతే ఐదున్నరకే మంచం దగ్గర నిలబడి మొహం నాకుతాడు. లేచిన వెంటనే పెట్టకు, నీ మెలకువకీ వాడి గిన్నెకీ సంబంధం ఉన్నట్టు వాడికి తెలియకూడదు. తెల్లారుజామున పసుపు నురగ కక్కుతుంటే ఖాళీ కడుపులో పైత్యం అయ్యుండొచ్చు. రాత్రి పూటలోంచి గుప్పెడు తీసి పడుకోబోయే ముందు పెట్టి చూడు. తగ్గకపోతే డాక్టరుకి చెప్పు.

మార్చేటప్పుడు, ముందు రెండు రోజులు ఇప్పటి పద్ధతిలోనే ఉంచి, పోసింది తూచి, మిగిలింది తూచి, ఎంత తింటున్నాడో రాసుకో. తర్వాత అదే మొత్తాన్ని నాలుగు పూటలు చేసి, వారంలో మూడుకీ రెండుకీ తీసుకురా. గ్రాములు ఆ తర్వాత తగ్గించు. టైమూ కొలతా రెండూ ఒకేరోజు మార్చకు. ఒకటి రెండు పూటలు వాడు గిన్నె వంక చూసి, నీ వంక చూసి వెళ్లిపోవచ్చు. పావుగంటకి ఎత్తెయ్, మళ్లీ పూటకే దించు. ఇక్కడే అందరూ ఓడిపోతారు. "అయ్యో తినలేదు" అని చికెన్ నీళ్లు పోసి కలుపుతారు. మానేస్తే చికెన్ వస్తుందని వాడు ఒక్కరోజులో నేర్చుకుంటాడు. ఆడుతూ, నీళ్లు తాగుతూ ఒక పూట మానితే కంగారుపడకు. నీరసంగా ఉన్నా, కక్కుతున్నా, రోజంతా ముట్టకపోయినా బండి తియ్.

రెండు పూటలకి వచ్చాక వాడు మింగే వేగం చూసి నువ్వే జడుసుకుంటావు. ఇంట్లో పాత గుంతపొంగనాల పెనం ఉంటే అందులో గుంతకిన్ని గింజలు వేసి పెట్టు, ఒక్కో గుంతలోంచి నాలుకతో తీసుకోవాలి కాబట్టి నిమిషంలో అయ్యేది ఐదు నిమిషాలు పడుతుంది. ఇది ముచ్చట కోసం కాదు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలు ఒకే పూట బోలెడంత గబగబా తింటే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ, ల్యాబ్‌కీ లేకపోలేదు. పొట్ట డప్పులా బిగుసుకుని, కక్కబోయి ఏమీ రాక ఆపసోపాలు పడుతుంటే అర్ధరాత్రయినా ఆగకూడదు, గంటల్లో ప్రాణం పోతుంది. తిన్నాక గంటసేపు పరుగులొద్దు. ఆదివారం బీచ్‌కి తీసుకెళ్తే ముందు షికారు, ఎగరొప్పు తగ్గాక ఇంట్లో తిండి. దారిలో మంచినీళ్లు పట్టుకెళ్లు, సముద్రపు నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి.

మధురవాడలో మీ బావమరిది పామేరియన్ కూనకి మాత్రం ఈ ఉత్తరం చదివి రెండు పూటలు మొదలెట్టొద్దని చెప్పు. మూడు నెలల దాకా నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత రెండు. అంత చిన్న ప్రాణానికి ఎక్కువసేపు తిండి లేకపోతే చక్కెర పడిపోయి తూలుతుంది. అలా కనిపిస్తే చిగుళ్లకి తేనె రాసి ఆసుపత్రికి పరిగెత్తాలి. తిన్న పావుగంట, అరగంటలో కూన దొడ్డికెళ్తుంది. టైముకి పెడితే బయటికి ఎప్పుడు తీసుకెళ్లాలో తెలుస్తుంది, ఇల్లు శుభ్రంగా ఉంటుంది. పిల్లలకి పాలిచ్చే తల్లికుక్కకైతే గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంచాలి, దాని అవసరం మామూలుకి రెండు మూడింతలు దాటిపోతుంది. గిన్నె నింపి వదిలెయ్యడం సబబని నేను ఒప్పుకునేది అక్కడే.

సంక్రాంతికి మీరు శ్రీకాకుళం వెళ్తే వాణ్ని పక్క క్వార్టరులో వదులుతామన్నావు. సంచీ మొత్తం ఇచ్చి రాకు. రోజుకి రెండు చొప్పున పూటకో పొట్లం తూచి కట్టి, మీద "సోమ పొద్దున", "సోమ రాత్రి" అని రాసి ఇవ్వు, రెండు పొట్లాలు అదనంగా పెట్టు. డాక్టరు నంబరు అదే సంచీలో వెయ్యి. అరిసెలు, పకోడీలు పెట్టొద్దని వాళ్ల పిల్లలకి కూడా ఓ మాట చెప్పు. రెండు వారాలకి బరువు ఎంతుందో రాయి, గ్రాములు మార్చాలేమో చూద్దాం.

నీ
రమణ