50 మీటర్ల పిస్టల్ బ్యాచ్ ఆగదు, పాత స్కోర్లు మాత్రం కొట్టేస్తున్నాను

మన షూటింగ్ అకాడమీలో ఫ్రీ పిస్టల్ (50 మీటర్ల పిస్టల్ ఈవెంట్) కాలుస్తున్న వాళ్లందరికీ ఒక మాట. మనం లేన్లు అద్దెకు తీసుకునే రేంజ్‌లో 50 మీటర్ల లేన్లు ఇక రైఫిల్‌కే అన్నారు, పిస్టల్ అయితే 25 మీటర్లు దాటకూడదట. పిస్టల్ గొట్టం మూతి కాస్త లేచినా బుల్లెట్ వెనక మట్టికట్ట దాటుతుందని వాళ్ల భయం. అందులో నిజం ఉంది, వాదించలేదు. కానీ 2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేశారని ఈ ఈవెంట్‌ను నేనూ వదిలేయను. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన దేశపు షూటర్ జీతూ రాయ్‌ స్వర్ణం గెలిచింది ఇందులోనే.

అందుకే 25 మీటర్లలో చిన్న టార్గెట్ పెట్టాం. అసలు టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు, దూరం సగమైతే 25 చాలనిపిస్తుంది. కానీ దూరం తగ్గిందని మనం వాడే పాయింట్ టూ టూ (.22) బుల్లెట్ చేసే రంధ్రం తగ్గదు, అది 5.6 మిల్లీమీటర్లే. రంధ్రం అంచు వలయం గీతను తాకినా పై పాయింటే ఇస్తాం కాబట్టి ప్రతి వలయాన్నీ సగానికి తగ్గించి, ఇంకో 2.8 మిల్లీమీటర్లు, అంటే రంధ్రంలో సగం, తీసేయాలి. అంటే పది 22.2 ఉండాలి. డ్రాయింగ్ మీద ఆ అంకె వేసి, మార్చొద్దని కూడా రాసి ఇచ్చాను. ప్రింటర్ నన్నొక్క మాట అడక్కుండా దాన్ని 25 చేసేశాడు! ఫోన్ చేస్తే, లెక్క తప్పిందేమోనని సరిచేశాం సార్ అన్నాడు. ఇన్నేళ్లుగా టార్గెట్లు చూస్తున్నవాణ్ణి, ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. పైగా మెరిసే కాగితం, రంధ్రం చుట్టూ చిరిగి గీతే కనపడదు.

మీ స్కోర్లు ఒక్కసారిగా పెరిగితే అనుమానం వచ్చి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి కొలిచాను. మీ మొహాల్లో సంతోషం చూశాక ఈ సంగతి చెప్పాలా వద్దా అని నిద్ర పట్టలేదు. కొందరు మానేస్తారేమోననీ టెన్షన్ పడ్డాను. అయినా మీది కాని పాయింటు మీ ఖాతాలో ఉంచలేను. ఆ కాగితాల మీద వచ్చిన స్కోర్లన్నీ రిజిస్టర్‌లో కొట్టేస్తున్నాను, ఆ సెషన్ల ఫీజు వచ్చే నెలలో తగ్గిస్తాను. కొత్త టార్గెట్లు వేరే ప్రింటర్ దగ్గర, ఒక్కో కట్టలోంచి ఒకటి నేనే కొలిచి తీసుకుంటున్నాను. పాత ఆయన సగం ధరకిస్తానన్నా అటు వెళ్లను.

ఊరి బయట మామిడితోట ఉంది, అక్కడ 50 మీటర్లు కొలిచి కాల్చుకుందాం అన్నవాళ్లకు నా జవాబు, కుదరదు. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఎక్కడ పడితే అక్కడ కాల్చడానికి లేదు. నా పేరు మీద అలాంటిది జరగనివ్వను.

25 మీటర్లలో చేసే దీన్ని 50 మీటర్ల ప్రాక్టీస్ అని కూడా పిలవను. ట్రిగ్గర్, పట్టు కుదురుతాయి కానీ ఆ దూరంలో గాలి చేసే పని ఇక్కడ తెలియదు. 50కి పెట్టుకున్న సైట్‌తో (గురి చూసే భాగంతో) 25లో కాలిస్తే బుల్లెట్ రెండు మూడు సెంటీమీటర్లు పైకి పోతుంది. కాబట్టి ఇప్పుడున్న క్లిక్కులు (సైట్ మర తిప్పే మెట్లు) రాసిపెట్టుకున్నాకే సైట్ దించండి.