మా పూజగదిని సీరియళ్ళ నుంచి కాపాడండి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రివర్యులకు నమస్కారాలు.

అయ్యా, ఆరో నియమం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 1994 నాటి కేబుల్ టీవీ నియమాల్లో ఉన్నదే. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమం వేయకూడదని అందులో ఉంది. ఆడవాళ్ళను కించపరచకూడదనీ ఉంది. 2021లో ఫిర్యాదులకు మూడంచెల పద్ధతి కూడా తెచ్చారు. ఫిర్యాదు అందిందని ఛానల్ 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగకపోతే పై సంఘానికి వెళ్ళవచ్చు. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది మా ఇంటి టీవీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనిచేయడం లేదో అడగడానికే రాస్తున్నాను.

సీరియళ్ళలో ఇలాంటి మూఢనమ్మకాలు చూపిస్తున్నారని ఛానల్‌కు రాశాను. పాత్రలూ సన్నివేశాలూ కల్పితమని ఎపిసోడ్ ముందే వేస్తున్నామని ఒక జవాబు వచ్చింది. ఆ తరవాత రాసిన వాటికి అదీ లేదు. పైకి రాసినదానికీ ఉలుకూ పలుకూ లేదు. సామాన్యులం ఇంకెవరికి మొరపెట్టుకోవాలి?

ముందే ఒక మాట చెప్పనివ్వండి. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. ఉదయం దీపం పెట్టకుండా కాఫీ తాగను. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు ఆదివారం పొద్దున్నే తలస్నానాలు చేసి, టీవీకి దండ వేసి కూర్చున్న తరం మాది. సీరియళ్ళలో దేవుడు ఉండకూడదని నేను అనడం లేదు. దేవుడి పేరు చెప్పి ఆడవాళ్ళను భయపెట్టవద్దంటున్నాను.

ఏ సాయంత్రమైనా ఒక గంట కూర్చుని చూడండి. గుడిలో దీపం రెపరెపలాడుతుంది. ఉరుము శబ్దం వేస్తారు. అత్త ముఖం, కోడలి ముఖం, పూజారి ముఖం ఒక్కొక్కటీ మూడేసి సార్లు దగ్గరగా చూపిస్తారు. ప్రకటనలు అయ్యాక దీపం కొండెక్కుతుంది. అదే క్షణంలో ఎక్కడో హీరో కారుకు యాక్సిడెంట్. కుంకుమ భరిణె చేయి జారితే భర్తకు గండం, తాళి కొక్కేనికి తగిలితే గండం. ఐసీయూలో డాక్టర్ చేతులెత్తేస్తాడు, భార్య గుడి చుట్టూ పొర్లుదండాలు పెడుతుంది, మానిటర్ మీద చదునైపోయిన గీత మళ్ళీ లేస్తుంది. మరి నిజంగా భర్తను కాపాడుకోలేకపోయిన ఇల్లాలికి ఈ కథ ఏం చెబుతున్నట్టు? ఆమె భక్తి చాలలేదనా? ఆమె ఉపవాసంలో లోపం ఉందనా?

ఇక భర్త పోయినవాళ్ళ సంగతి. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఆవిడ ఎదురొస్తే శుభకార్యం ఆగిపోతుంది. ఆవిడ చేయి తగిలితే హారతి పళ్ళెం కింద పడుతుంది. ఆ మాటలనేది విలనే కదా అని ఛానల్ వాళ్ళు అంటారు. నిజమే, అనేది విలనే. కానీ ఆ వెంటనే అపశకునం జరిగిందని చూపించేది కథ. అలా చూపించాక విలన్ చెప్పిందే నిజమైనట్టు కాదా?

మా చెల్లెలికి భర్త పోయి కొన్నేళ్ళయింది. ఒక్కతే కష్టపడి కూతుర్ని చదివించింది, పెళ్ళి చేసింది. ఆ పిల్ల సీమంతం నాడు పీట మీద కూర్చుని, ‘ముందు మా అమ్మే గాజులు వేయాలి’ అంది. అందరం సంతోషించాం. చెల్లెలు గంధం గిన్నె తీసుకుని దగ్గరికి వచ్చింది. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది, కుందిలో వత్తి ఆరిపోయింది. అంతే. ‘అయ్యో, అచ్చం నిన్నటి సీరియల్లో లాగే అయిందే’ అని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒక్క నిమిషం హాలంతా నిశ్శబ్దం. మా చెల్లెలు గిన్నె నా చేతిలో పెట్టి, వంటింట్లో పాలు చూసి వస్తానని వెళ్ళింది. మళ్ళీ రాలేదు. పిల్ల పీట మీద నుంచి లేవలేక, అటే చూస్తూ కూర్చుంది. ఆ మాట అన్నావిడ చెడ్డ మనిషి కాదు. మాకు బాగా కావలసినావిడే. పదేళ్ళుగా రోజూ రాత్రి చూసినది ఆవిడ నోట వచ్చింది.

ఏ శాస్త్రం ఇలా చెప్పిందండీ? రాముడి పట్టాభిషేకం నాటికి కౌసల్యకు భర్త లేడు. ఆ రోజు సీతమ్మను తమ చేతులతో స్వయంగా అలంకరించింది దశరథుడి భార్యలేనని వాల్మీకి యుద్ధకాండలో రాశాడు. అయోధ్యలో రాని అపశకునం మా ఇంటి సీమంతానికి ఎలా వచ్చింది? కుంతీదేవికి భర్త లేడు, ఆమె కాళ్ళకు కృష్ణుడంతటివాడు దణ్ణం పెట్టేవాడు. ఇవన్నీ సీరియళ్ళు రాసేవాళ్ళకు తెలియనివి కావు. ఇదే తెలుగు నేల మీద, రాజమండ్రిలో, 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన్ను వెలివేసినంత పని చేశారు, అయినా ఆగలేదు. ఇన్నేళ్ళ తరవాత, ఆ మనిషి తుడవాలని చూసిన మరకనే రోజూ రాత్రి మా హాల్లోకి తెచ్చి మళ్ళీ పూస్తున్నారు.

చేతబడి సన్నివేశాలు సరేసరి. ముగ్గు మధ్యలో నిమ్మకాయలు, బొమ్మకు సూదులు, దూరాన మనిషి గిలగిల కొట్టుకోవడం. తెలంగాణ పల్లెల్లో చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద చట్టాలు తెచ్చుకున్నాయి. మా రెండు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అది రాష్ట్రాల పని అని మీరు అనవచ్చు. ఆరో నియమం మాత్రం మీ చేతిలోదే కదండీ.

సినిమాకు విడుదలకు ముందే సర్టిఫికెట్ కావాలి. పిల్లలూ ముసలివాళ్ళూ ఇంట్లో కూర్చుని రోజూ చూసే సీరియల్‌కు అదేమీ అక్కర్లేదు. సెన్సార్ పెట్టమని నేను అడగడం లేదు. ఉన్న నియమాన్ని అమలు చేయమంటున్నాను. ఫిర్యాదుకు గడువులోగా జవాబు ఇవ్వని ఛానల్‌ను నిలదీయమంటున్నాను. ఆ జవాబు కూడా కల్పితం అనే ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఫలానా సన్నివేశం నియమానికి లోబడి ఉందో లేదో చెప్పాలి. ఎక్కడ ఫిర్యాదు చేయాలో సీరియల్ మధ్యలో, ప్రకటనలు వచ్చే సమయంలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయించండి. మా అమ్మ వయసు వాళ్ళు చదవగలిగేలా వేయించండి.

దయచేసి భర్త పోయిన ఆడవాళ్ళను, పిల్లలు లేని ఆడవాళ్ళను అపశకునంగా చూపించే సన్నివేశాలను ముందు ఆపించండి. మిగతావి తరవాత మాట్లాడుకుందాం. ఇది ఒక్కటైనా చేయండి. రేటింగుల కోసం వాళ్ళు తమంతట తాము ఆపరు, అది మీకూ తెలుసు. మీరు గట్టిగా ఒక్క మాట అంటే ఆపుతారు.

మీకు తెలుగు రాకపోతే మీ కార్యాలయంలో తెలుగువారెవరితోనైనా ఈ ఉత్తరం మొత్తం చదివించుకోండి. జవాబు ఏ భాషలో ఇచ్చినా చదివించుకుంటాం. ఈసారి మాత్రం జవాబు ఇవ్వండి.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక గృహిణి