రోజుకు ఐదు ఆంగ్ల పదాలు: ఒక పాఠకుడి విన్నపం

సంపాదక మహాశయులకు,

నమస్కారం. మీ పత్రిక విద్యా పుటలో ప్రచురిస్తున్న ‘రోజుకు ఐదు ఆంగ్ల పదాలు’ శీర్షికను నేను చాలాకాలంగా విడవకుండా చదువుతున్నాను. తెలుగు మాధ్యమంలో చదువుకొని, ఆ తరువాత ఉద్యోగరీత్యా ఆంగ్లంలో ఉత్తరప్రత్యుత్తరాలు నడపవలసి వచ్చిన నాబోటివారికి అటువంటి శీర్షిక మీద అభిమానం ఉండడం సహజమే. ఆ అభిమానం కొద్దీనే దాని తీరు కొంత మారాలని ఈ లేఖ రాస్తున్నాను. గత నెలలో వచ్చిన పదాలన్నిటినీ ఒకచోట రాసుకొని చూస్తే ‘సెస్క్విపెడేలియన్’, ‘పల్క్రిట్యూడ్’ వంటివే ఎక్కువగా కనబడ్డాయి. ఆంగ్లమే మాతృభాషగా గలవారికి కూడా ఏడాదికి ఒకసారైనా అవసరం పడతాయో లేదో తెలియని ఆ పదాలకు ఎదురుగా ఒక్కొక్క తెలుగు మాట మాత్రమే ఇచ్చి ఊరుకున్నారు.

ఉన్నతస్థాయి పదసంపద అంటే అరుదైన పదాల పోగు అన్న అభిప్రాయం మీ శీర్షికలోనే కాదు, బజారులో దొరికే పదాల పుస్తకాలన్నిటిలోనూ పాతుకుపోయి ఉంది. భాషాబోధన రంగంలో పదాలను లెక్కించిన పండితుల మాట ఇందుకు భిన్నంగా ఉంది. మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన సుమారు 2,000 పదాల పట్టిక సాధారణ రచనలో దాదాపు 80 శాతం మేర విస్తరించి ఉంటుందని తరువాతి లెక్కలు తేల్చాయి. వినడానికి ఇది గొప్పగానే ఉంటుంది గాని, 80 శాతం తెలియడమంటే ప్రతి ఐదు మాటల్లో ఒకటి తెలియకపోవడం, అనగా దాదాపు ప్రతి వాక్యంలోనూ రెండు మూడుచోట్ల ఆగిపోవడం అన్నమాట. ఎవరి సహాయమూ లేకుండా నవలో, వార్తాపత్రికో చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలనీ, అందుకు 8,000 నుంచి 9,000 వరకు పదకుటుంబాలు కావాలనీ, మాటలు విని అర్థం చేసుకోవడానికి 6,000 నుంచి 7,000 సరిపోతాయనీ పాల్ నేషన్ 2006లో లెక్కకట్టారు. ‘డిసైడ్’, ‘డెసిషన్’, ‘డెసిసివ్’, ‘ఇన్‌డెసిసివ్’ అన్నవన్నీ కలిపి ఒక్క కుటుంబం కిందే లెక్క కనుక, ఆ సంఖ్య చూసి భయపడవలసిన పనిలేదు.

కాబట్టి అభ్యాసకుడు నిజంగా శ్రమించవలసిన చోటు రెండు వేలకూ తొమ్మిది వేలకూ నడుమ ఉంది. ‘రిలక్టెంట్’, ‘ప్లాజిబుల్’, ‘అండర్‌మైన్’, ‘లీనియెంట్’, ‘టెంటెటివ్’, ‘స్క్రూటినీ’ వంటి పదాలు ఆ నడుమన ఉంటాయి. వీటిలో డాబు లేదు, ఎవరినీ ఆశ్చర్యపరచవు, అయినా ఇవి లేకుండా ఒక్క సంపాదకీయం కూడా సాఫీగా చదవలేము. బడి మనను మొదటి రెండు వేల దగ్గర వదిలిపెడుతుంది; పదాల పుస్తకాలేమో పదివేలు దాటినచోట ఎత్తుకుంటాయి. మధ్యలో ఉన్నదాని పూచీ ఎవరూ తీసుకోరు. ఉన్నత విద్యకు వెళ్లేవారి మాటకు వస్తే, ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో రూపొందించిన 570 పదకుటుంబాల పట్టిక విద్యావిషయక గ్రంథాలలో సుమారు పదో వంతును ఆక్రమిస్తుంది. వెస్ట్ పట్టికలో ఉన్న పదాలను మినహాయించి మరీ దానిని తయారుచేశారు కనుక, బడి ఆగిన చోటునుంచి మొదలుపెట్టడానికి అది చక్కగా అమరుతుంది. అటువంటి పట్టిక ఉన్నదని మీ విద్యా పుటలో ఒక్కసారి కూడా చదివిన జ్ఞాపకం నాకు లేదు.

విదేశీ విద్య కోసం రాసే పరీక్షలే మన వాళ్లకు ఈ జాబితాల మోజు అంటించాయని నా అనుమానం. అయితే ఆ పరీక్షలు సైతం దారి మార్చుకున్నాయి. జీఆర్‌ఈ 2011లోనే విడిపదాలకు వ్యతిరేకార్థాలు అడిగే ప్రశ్నలను తీసివేసింది. శాట్ 2016లో అరుదైన పదాలతో ఖాళీలు పూరించే విభాగాన్ని తొలగించింది. పరీక్ష మారి ఇన్నేళ్లయినా దాని కోసం పుట్టిన కంఠస్థపు పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

నా ప్రధానమైన అభ్యంతరం ఒక పదానికి ఒకే తెలుగు మాటను అర్థంగా ఇవ్వడం మీద. తెలుగు నేర్చుకొంటున్న పరాయి భాషవాడికి ‘చనిపోయాడు, కన్నుమూశాడు, మరణించాడు, అసువులు బాశాడు, పరమపదించాడు’ అని ఒక వరుస రాసిచ్చి అన్నిటికీ అర్థం ఒకటే అని చెప్పి పంపితే, అతడు దోమ పరమపదించిందని రాస్తే తప్పు ఎవరిది? మనం ఆంగ్లంలో చేస్తున్నది సరిగ్గా ఇదే. ‘మిటిగేట్’, ‘అలీవియేట్’, ‘అలే’, ‘అస్వేజ్’ అన్న నాలుగింటికీ మన జాబితాలు ‘తగ్గించు’ అనో, ‘ఉపశమింపజేయు’ అనో అర్థం రాస్తాయి. వాడుకలో మాత్రం ‘మిటిగేట్’ అనేది నష్టాలతోనూ ముప్పుతోనూ, ‘అలీవియేట్’ అనేది నొప్పితోనూ పేదరికంతోనూ, ‘అలే’ అనేది భయాలతోనూ అనుమానాలతోనూ, ‘అస్వేజ్’ అనేది దుఃఖంతోనో, తప్పు చేశామన్న బాధతోనో జతకడతాయి. ఈ జతలు తెలియకుండా పదం తెలిసిందనుకోవడం పొరపాటు. మన భాషలో వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, పిడుగు పడుతుంది. వీటిని ఏ వ్యాకరణ సూత్రమూ నేర్పదు, వినగా వినగా అబ్బుతాయి. ఎండ కురుస్తున్నదని ఎవరైనా అంటే అర్థం కాకపోదు గాని, వినేవాడి ముఖాన చిరునవ్వు మాత్రం ఆగదు. ఆంగ్లంలో ‘కాజ్’ అన్న చిన్న క్రియనే చూడండి. కోట్లాది పదాల వాస్తవ రచనను కంప్యూటరులో పోగుచేసి వెతికితే, దాని పక్కన నష్టం, ఇబ్బంది, మరణం, ఆందోళన వంటి చెడ్డ సంగతులే అధికంగా కనబడతాయి. ‘కలుగజేయు’ అన్న అర్థం ఒక్కటే తెలిసిన మనమేమో సంతోషాన్ని కూడా దానితోనే కలుగజేస్తాము.

దీని ఫలితాన్ని నేను స్వయంగా అనుభవించాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పదవీ విరమణ చేస్తున్న మా పై అధికారి వీడ్కోలు సభకు ఆంగ్లంలో ప్రసంగం రాసే పని నాకు అప్పగించారు. నా దగ్గరున్న పాత పదాల పుస్తకంలో ‘ఆఫీషియస్’ అన్న మాటకు ‘సేవాతత్పరుడు, సాయపడువాడు’ అని ఉంది. పదం కూడా ఆఫీసును తలపిస్తూ సందర్భానికి తగినట్టే తోచడంతో, ఆయన జీవితమంతా ‘ఆఫీషియస్’గా గడిపారని ధీమాగా రాశాను. రెండు శతాబ్దాల క్రితం ఆ మాటకు అటువంటి మంచి అర్థం ఉన్నమాట వాస్తవమే. నేడు మాత్రం అడగని చోట తలదూర్చి పెత్తనం చేసేవాడినే అలా అంటారు. సభలో ఉన్న ఇద్దరు ముగ్గురు తలలు వంచుకొని నవ్వుకొన్నారు. ఆయన మాత్రం నాకు కృతజ్ఞతలు చెప్పి వెళ్లారు. అర్థమయ్యే చెప్పారో, కాకనే చెప్పారో ఇప్పటికీ తెలియదు.

తెలుగువారికి ఈ విషయంలో సహజంగా ఉన్న ఒక సౌలభ్యాన్ని మనం వాడుకోవడం లేదనిపిస్తుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత అక్కడి భాషలోకి ఫ్రెంచి పదాలు వెల్లువగా వచ్చాయి. ఆ పైన పండితులు లాటిన్ నుంచి నేరుగా మరికొన్నిటిని దింపుకొన్నారు. అందువల్ల ‘ఆస్క్’, ‘క్వశ్చన్’, ‘ఇంటరాగేట్’ అని ఒకే భావానికి మూడు అంతస్తులు ఏర్పడ్డాయి. మనకు ‘ఇల్లు’, ‘గృహం’ రెండూ ఉన్నట్టే ఇదీను. గృహప్రవేశం చేస్తాము గాని, సాయంత్రం గృహానికి వెళ్తున్నానని అనము. దేశ్యం ఎక్కడ వాడాలో, తత్సమం ఎక్కడ వాడాలో చెప్పే చెవి మనకు పుట్టుకతోనే వచ్చింది. ఆంగ్లం దగ్గరికి వచ్చేసరికి ఆ చెవిని మూసుకొని, ‘బిగిన్’ ఉండగా ‘కమెన్స్’, ‘బై’ ఉండగా ‘పర్చేజ్’, ‘హెల్ప్’ ఉండగా ‘అసిస్టెన్స్’ వెతికి రాసి దానినే ఉన్నతస్థాయి అనుకొంటున్నాము. దాహం వేసి కొంచెం జలం ఇప్పించండని అడిగినట్టుంటాయి ఆ వాక్యాలు.

తెలిసినవే అనుకొన్న పదాలు చేసే మోసం మరొకటి. ‘శాంక్షన్’ అంటే మంజూరు అని మనకందరికీ తెలుసు. అదే మాట దేశాల మధ్య వ్యవహారాలలో ఆంక్షలు అనే విపరీతార్థాన్ని ఇస్తుంది. ‘ఓవర్‌సైట్’ అంటే పర్యవేక్షణ, పొరపాటున చూడకుండా వదిలేయడం అని రెండర్థాలూ ఉన్నాయి. ‘అడ్రస్’ అనేది చిరునామా మాత్రమే కాదు, సమస్యను చేపట్టడం కూడా. అన్న మాటకు పరిమితులు పెట్టి సవరించుకోవడాన్ని కూడా ‘క్వాలిఫై’ అంటారు, ఆ వాడుకలో దానికి అర్హతతో సంబంధం లేదు. ఇక తెలుగులో కలిసిపోయి సొంత అర్థాలు తెచ్చుకొన్న మాటల సంగతి చెప్పనే అక్కరలేదు. ‘అతను ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకొన్నాడని అర్థం. ఆంగ్లంలో అంతటితో ఆపితే ఏమి ‘ఫీలయ్యాడు’ అని ఎదురుచూస్తారు. ‘నాకొక డౌట్’ అని మనం అనేది ప్రశ్న అడగడానికి, వారికి వినబడేది మాత్రం అపనమ్మకం. పదిమంది నోటా తిరిగే ఇటువంటి పాతపదాలను లోతుగా తెలుసుకోవడం, కొత్తగా ఒక వింతపదాన్ని తలకెక్కించుకోవడం కంటే ఎన్నో రెట్లు అక్కరకు వస్తుంది.

ధాతువులు, ఉపసర్గల సాయంతో అర్థం ఊహించడం మంచి పద్ధతే. ‘స్పెక్ట్’ అంటే చూడడమని తెలిస్తే ‘ఇన్‌స్పెక్ట్’, ‘రెట్రోస్పెక్ట్’, ‘సర్కమ్‌స్పెక్ట్’ మూడూ చేజిక్కుతాయి. ఊహించినదాన్ని సరిచూసుకోకపోతే మాత్రం అదే పద్ధతి ముంచుతుంది. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువలేనిది కాదు, విలువ కట్టలేనిది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే తేలికగా అంటుకొనేదే. ‘ప్రిస్క్రైబ్’, ‘ప్రోస్క్రైబ్’ ఒకే ధాతువు బిడ్డలైనా మొదటిది ఫలానాది చేయమంటుంది, రెండవది నిషేధిస్తుంది.

నేర్చినది నిలవడం వేరొక సమస్య. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల కూర్పులను తానే వల్లెవేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. మరుపు మొదటి గంటల్లోనే అతివేగంగా సాగుతుందనీ, ఒకే రోజున పదిసార్లు చదవడం కంటే రోజులు ఎడమిచ్చి కొన్నిసార్లు చదివితే ఎక్కువ నిలుస్తుందనీ ఆయన చూపాడు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దీనినే అట్టముక్కల పెట్టెగా మలిచాడు: జ్ఞాపకమున్న పదం ముందు అరకు జరిగి ఆలస్యంగా తిరిగి వస్తుంది, మరిచిన పదం మొదటి అరకు వెనక్కి పోతుంది. నేటి ఫోన్లలో ‘ఆంకీ’ వంటి సాఫ్ట్‌వేర్ చేసే పని ఆ పెట్టె చేసేదే. చదువుతూ పోతే పదాలు వాటంతట అవే వస్తాయనేవారితో నాకు సగమే ఏకీభావం. నేను పైన చెప్పిన నడిమి పదాలలో చాలావరకు లక్ష మాటల చదువులో ఒకసారి తారసపడితే గొప్ప. ఒక పదం స్థిరపడడానికి పదిసార్లు ఎదురుపడాలనుకొన్నా పది లక్షల మాటలు, అంటే ఓ మోస్తరు నవలలు పది చదవాలి. రెండవసారి కనబడేలోగా మొదటిసారి చూసినది మరుపులో కలిసిపోతుంది. కనుక చదువు, పెట్టె రెండూ కావాలి. చదువులో దొరికిన వాక్యంతో సహా పదాన్ని పెట్టెలో వేసుకోవాలి గాని, జాబితాలోంచి ఎత్తిన విడిపదాన్ని కాదు.

నిఘంటువు విషయం ఒక్క మాటలో చెబుతాను. పరాయి భాషగా ఆంగ్లం నేర్చేవారి కోసం ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో పనిచేస్తూ తయారుచేసిన నిఘంటువు 1942లో అక్కడే అచ్చయి, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. లాంగ్‌మన్‌వారు 1978లో సుమారు 2,000 తేలికపదాలతోనే అర్థాలన్నీ వివరించే నిఘంటువును తెచ్చారు. పదం ఏ పదంతో కలుస్తుందో, ఏ సందర్భంలో తగదో ఇటువంటివి చెప్పినట్టు ఆంగ్ల-తెలుగు జాబితాలు చెప్పలేవు.

మీకు నా విన్నపమిది. రోజుకు ఐదు పదాలకు బదులు రెండే ఇవ్వండి. స్థలం ఎక్కువ అక్కరలేదు. వాటిని నడిమి శ్రేణి నుంచి ఎంచండి. ఒక్కొక్కదానికి సహజమైన వాక్యం ఒకటి, దానితో జతకట్టే మాటలు రెండు మూడు, మర్యాదకు సంబంధించిన హెచ్చరిక ఏదైనా ఉంటే అదీ చేర్చండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇచ్చిన పదాన్ని వారానికొకసారి, నెలకొకసారి వేరే వాక్యంలో తిరిగి చూపించండి. దినపత్రిక రోజూ ఇంటికి వచ్చేది కనుక లైట్నర్ పెట్టె చేసే పని మీ పుట సునాయాసంగా చేయగలదు.

చివరగా ఒక చిన్న సవరణ. పోయిన వారం మీ శీర్షికలో ‘ఆఫీషియస్’ అన్న పదానికి ఎదురుగా ‘సేవాతత్పరుడు’ అన్న అర్థమే మళ్లీ కనబడింది. మరెవరో ఒకరు తమ పై అధికారి వీడ్కోలు సభకు ప్రసంగం రాసుకొనేలోపు దానిని దిద్ది ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు