ఘాట్ దిగడం నేర్పకుండా లైసెన్సు ఇవ్వకండి

ఒడిశా రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాది కోరాపుట్ జిల్లా జయపురం. జయపురం, సాలూరు మధ్య లారీ తోలి పిల్లల్ని పెంచినవాణ్ణి. సుంకి ఘాట్‌లో ఏ మలుపు ఎలాంటిదో కళ్లు మూసుకుని చెప్పగలను. మా ఇళ్లలో తెలుగు, బజార్లో ఒడియా. పెళ్లిళ్లకీ పండగలకీ మా కుర్రాళ్లు ఆ ఘాట్ దిగే సాలూరు, విజయనగరం పోతారు. నా భయం వాళ్ల గురించే.

మొన్న సంక్రాంతికి పక్కింటి కుర్రాడి కారెక్కాను. పంతొమ్మిదేళ్లు, కొత్త లైసెన్సు. పొట్టంగి దాటి దిగుడు మొదలవగానే బండిని న్యూట్రల్‌లో పడేశాడు. "పెట్రోలు కలిసొస్తుంది తాతా" అన్నాడు. ఇక బ్రేకు మీంచి కాలు తియ్యడే! నాలుగు మలుపులు తిరిగేసరికి మాడిన వాసన. పక్కకి ఆపించి చూస్తే ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. బ్రేకు అలా కాలితే ఎంత తొక్కినా పట్టదు. ఎక్కడానికి ఏ గేరు వేస్తామో దిగడానికీ అదే గేరు వెయ్యాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇరుకు చోట ఎక్కే బండికి దారి వదలాలి. ఇవేవీ వాడికి తెలియవు. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. వాడు నేర్చుకున్నది వారం రోజులు, రోజుకి అరగంట, అదీ చదును మైదానంలో.

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో కారు నేర్పాలంటే 29 గంటలు, అందులో 21 గంటలు బండి మీదే ఉండాలని 2021 నుంచి కేంద్రం నిబంధన ఉంది. 21 గంటలెక్కడ, మా వాడి మూడున్నర గంటలెక్కడ!

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది ప్రాణాలు పోయాయి. పద్దెనిమిది నిండని పిల్లాడికి బండిస్తే పెద్దవాళ్లకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019లో చట్టం మార్చారు. మంచిదే. మరి పద్దెనిమిది నిండినవాడికి సరిగా నేర్పకుండా పరీక్షకు పంపేవాళ్ల మాటేమిటి?

మా కోరాపుట్, రాయగడ జిల్లాల్లో లైసెన్సు పరీక్షలో దిగుడు కూడా పెట్టించండి. లారీలు తోలిన పాతవాళ్లం ఇంకా ఉన్నాం. మీరు సరేనంటే కుర్రాళ్ల పక్క సీట్లో కూర్చుని ఘాట్ దిగడం మేం నేర్పుతాం. నాకు జీతం అక్కర్లేదు.

ఇట్లు,
జయపురం నుంచి ఒక పాత లారీ డ్రైవరు