విజయవాడ స్టేషను దగ్గర నా బండికి గోనె కుట్టిన బాబాయికి కృతజ్ఞతలు

ఒళ్ళంతా హూనమై ఉంది. వారం రోజులుగా కంటినిండా నిద్ర లేదు. అస్సాంలో, బ్రహ్మపుత్రకు ఉత్తరపు గట్టు వైపు నాకిచ్చిన క్వార్టరులో, ఇంకా తాళాలు తీయని రెండు నల్ల ట్రంకు పెట్టెల పక్కన చాప పరుచుకొని కూర్చుని ఇది రాస్తున్నాను. రేపు ఉదయం డ్యూటీలో పడితే మళ్ళీ ఎప్పటికి తీరిక చిక్కుతుందో తెలియదు. పైగా ఇలాంటి మాట మనసు తడిగా ఉన్నప్పుడే చెప్పాలి, ఆరిపోయాక చెబితే అది మర్యాదకు చెప్పినట్టే ఉంటుంది. ఏ ఊళ్ళో ఉన్నానో, ఏ యూనిట్‌లో ఉన్నానో రాయడం మా ఉద్యోగానికి తగదు కాబట్టి ఆ వివరాలు అడగవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

నాది గుంటూరు. సైన్యంలో హవల్దారును. 2012లో, జీతంలో మిగిల్చుకున్న డబ్బుకు కొంత అప్పు కలిపి, ఏపీ 07 నంబరుతో ఒక బుల్లెట్ కొనుక్కున్నాను. కొన్నానన్న మాటే గాని దాని మీద నేను తిరిగింది ఏడాదికి నెల, మహా అయితే నెలన్నర. ఒక పోస్టింగ్ ఎడారిలో, ఒకటి మంచులో, ఇంకొకటి సొంత బండికి అనుమతి లేని చోట గడిచిపోగా, ఆ బండి మాత్రం మా ఇంటి వసారాలో పాత దుప్పటి కప్పుకొని నా సెలవుల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఈసారి పోస్టింగ్ కాగితం మీద చోటు పేరు చదవగానే నాకు ముందు గుర్తుకు వచ్చింది క్వార్టరు కాదు, పిల్లల బడి కాదు, ఆ బండి. ఎందుకంటే బాలిపారా, చారిద్వార్ మీదుగా భాలుక్‌పోంగ్ చేరి, అక్కడి నుంచి కామెంగ్ నది వెంట కొండల్లోకి ఎక్కి, బొమ్డిలా, దిరాంగ్ దాటి, 13,700 అడుగుల ఎత్తున ఉన్న సేలా కనుమ మీదుగా తవాంగ్ వెళ్ళే రోడ్డు ఇక్కడి నుంచే మొదలవుతుంది. మోటారు సైకిలు మీద మక్కువ ఉన్న ప్రతి జవాను నోటా నేను ఆ రోడ్డు పేరు విన్నాను. కనుమ కింద నుంచి 2024 మార్చి 9న సొరంగం కూడా ప్రారంభించారు కాబట్టి, మంచు పడినప్పుడల్లా రోడ్డు మూతపడి రోజుల తరబడి ఆగిపోయే బాధ ఇప్పుడు తగ్గింది. కనుమ దాటి తవాంగ్ వైపు దిగుతుంటే, 1962 యుద్ధంలో ప్రాణం ఇచ్చి మహావీర్ చక్ర పొందిన రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ పేరిట ఉన్న జస్వంత్‌గఢ్ వస్తుంది. అక్కడికి నా సొంత బండి మీద వెళ్ళి ఒక్క సెల్యూట్ చేయాలని నాకు ఎన్నో ఏళ్ళ కోరిక.

కాబట్టి బండిని తీసుకురావాలనుకున్నాను. అందుకు పడిన తిప్పలు క్లుప్తంగానే చెబుతాను, తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతున్నది. మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నంబరు వేయించుకోవాలి, దానికి మన దగ్గర నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకువెళ్ళాలి. దాని కోసం 28వ నంబరు ఫారం నింపి ఒక రవాణా కార్యాలయానికి వెళితే, నేను 2015లోనే తీర్చేసిన బ్యాంకు అప్పు ఆర్‌సీ మీద ఇంకా అలాగే ఉన్నదని, అప్పు తీరిందని తెలిపే 35వ నంబరు ఫారం తెమ్మని అన్నారు. అది నా పొరపాటే, అప్పుడే తీయించుకోవలసింది, ఒప్పుకుంటాను. కాని ఆ ఫారం తెచ్చిన తరువాత కూడా ఒక రోజు సర్వరు లేదని, ఒక రోజు సంతకం పెట్టేవారు లేరని, ఒక రోజు ముందు చెప్పని ఇంకో కాగితం కావాలని, ఇరవై రోజుల సెలవులో ఐదు రోజులు ఆ గుమ్మం దగ్గరే నిలబెట్టారు. రెండేళ్ళకో మూడేళ్ళకో రాష్ట్రం మారవలసిన ఉద్యోగం మాది. 2021లో, రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కరలేని బీహెచ్ సిరీస్ వచ్చాక కొత్త బండి కొనేవారికి కొంత సుఖం కలిగింది గాని, నాలాగా పాత రాష్ట్ర నంబరుతోనే ఉన్నవాడు జీవితకాలపు పన్ను ఒకసారి కట్టి, కొత్త రాష్ట్రంలో మళ్ళీ కట్టి, ఇక్కడ మిగిలిన సొమ్ము వాపసు కోసం మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి. అసలు జవాను సెలవు ఎన్ని రోజులో ఆ కుర్చీల్లో కూర్చున్న వారెవరైనా ఒక్కసారి అడిగారా? ఇక ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే నేను రాయాలనుకున్నది ఆ మనుషుల గురించి కాదు.

బయలుదేరే రోజున నంబూరు, మంగళగిరి, తాడేపల్లి మీదుగా, కృష్ణమ్మ మీది వారధి దాటి, మధ్యాహ్నం రెండింటికి బండి మీదే విజయవాడ స్టేషనుకు చేరుకున్నాను. నా రైలు సాయంత్రం ఏడింటికి. అదే రైలులో బండిని లగేజీగా పంపాలన్నది నా ఆలోచన. పార్సిలు ఆఫీసు బయట గోనెపట్టాలు పరిచి, పురికొస ఉండలు పక్కన పెట్టుకొని కూర్చున్న ఒక పెద్దాయన నా బండిని చూసి లేచి వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, నెరిసిన గడ్డం, చూపుడు వేలికి తోలు తొడుగు. ముందుగా అద్దాలు విప్పి వరిగడ్డిలో చుట్టి సీటు కింద కట్టాడు, హెడ్‌లైటుకు అట్టముక్క కట్టాడు, హ్యాండిలుకూ ట్యాంకుకూ గడ్డి మెత్త వేసి, పైన గోనె కప్పి దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టాడు. ఆ కుట్టు చూస్తూ నిలబడిపోయాను. ప్రతి కుట్టూ బెత్తెడు దూరం, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ లేదు. అడిగితే, "గుంటూరు మిరప యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) కుట్టిన చెయ్యి అబ్బాయ్ ఇది. ఆ ఘాటు పడక, దగ్గు పట్టుకొని ఇటొచ్చా" అన్నాడు. మా ఊరి మనిషని తెలియగానే నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. అప్పటి నుంచి ఆయన్ని బాబాయ్ అనే పిలిచాను.

పొరపాటు నాదే జరిగింది. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేశానని చెప్పాను, నిజంగానే తీశాను. కాని కార్బ్యురేటరులో నిలిచిపోయినది నాకు తోచలేదు. బండిని పక్కకు వంచి నెట్టేసరికి గోనె అడుగున తడి కనిపించింది, వాసన గుప్పుమంది. పార్సిలు గుమస్తా చూసి ఇది ఎక్కించడానికి వీలు లేదన్నారు. ఆయన అన్నది ముమ్మాటికీ న్యాయం, పెట్రోలు బొట్టుతో రైలులో ఏం జరగగలదో సైన్యంలో ఉన్న నాకు వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి టైము నాలుగున్నర. నేను నిలువునా నీరుకారిపోయి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను.

బాబాయి ఒక్క మాట విసుక్కోలేదు. గంటసేపు కుట్టిన కుట్టంతా తన చేత్తో తానే విప్పాడు. టీ కొట్టు నుంచి స్క్రూడ్రైవరు అడిగి తెచ్చి, బండి కింద వెల్లకిలా పడుకొని, కార్బ్యురేటరు అడుగు స్క్రూ వదులు చేసి, చివరి బొట్టు దాకా ఒక డబ్బాలోకి పట్టాడు. చెయ్యి, మోచెయ్యి పెట్రోలుతో తడిసిపోయాయి. తడిసిన పట్టాలు మళ్ళీ వాడకూడదని పక్కన పడేశాడు. తెచ్చుకున్న కొత్త పట్టాలు అయిపోవడంతో, చాలాకాలంగా కూర్చోవడానికి వేసుకుంటున్న పాత మిరప సంచులు నాలుగు తన కింద నుంచి తీసి, దులిపి, వాటిని కోసి మొదటి నుంచి మళ్ళీ కుట్టాడు. రెండోసారి కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. సంచుల ఖరీదు మాత్రం లెక్కగట్టి తీసుకున్నాడు. "సంచి కొన్నాను కాబట్టి దాని డబ్బులు కావాలి, చెయ్యి నాదేగా" అన్నాడు.

అప్పటికి నా రైలులో లగేజీ చోటు నిండిపోయింది. బండి అదే రాత్రి వచ్చే మరో రైలులో వెళుతుందని చెప్పి రసీదు ఇచ్చారు. నా రైలు వచ్చే వేళయింది. పదమూడేళ్ళ నుంచి అపురూపంగా చూసుకున్న బండిని ప్లాట్‌ఫారం మీద వదిలి వెళ్ళవలసి వచ్చింది. పార్సిళ్ళ గుట్టలో అది వెనకపడుతుందేమో, ఎవరైనా అడ్డంగా పడేస్తారేమో అని నేను పదేపదే వెనక్కి తిరిగి చూస్తుంటే బాబాయి నా భుజం మీద చెయ్యి వేసి, "దిగులు పడమాక. నువ్వు రైలెక్కు. నీ నంబరు ఈ చీటీ మీద రాసివ్వు" అన్నాడు. ఎందుకో నేను అడగలేదు. రాసిచ్చి పరుగెత్తాను.

రైలు విజయనగరం దాటాక, తెల్లవారుజామున మూడు గంటలకు దగ్గరలో ఫోను మోగింది. తెలియని నంబరు. అంత రాత్రివేళ ఫోను వస్తే మా ఉద్యోగంలో గుండె జారిపోతుంది, ఇంట్లో ఎవరికి ఏమైందోనని చేతులు వణికాయి. అవతల నుంచి బాబాయి గొంతు: "అబ్బాయ్, బండి ఎక్కింది. నిలబెట్టే కట్టించా. ఇక పడుకో." అంతే, పెట్టేశాడు. ఆయనకు ఫోను లేదు. అది స్టేషనులో టీ అమ్మే ఒక కుర్రవాడి ఫోను అని తరువాత తెలిసింది. బేరాలు అయిపోయాక ఇంటికి పోవలసిన మనిషి, మళ్ళీ జీవితంలో చూస్తాడో లేదో తెలియని నా బండి కోసం, పార్సిళ్ళ మధ్య ఆ రాత్రంతా కూర్చున్నాడు. నేను బోగీ తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడి ఏడ్చాను. మంచులో ఆరు నెలలు కాపలా ఉన్నప్పుడు రాని ఏడుపు అది. ఒక మనిషి నన్ను గురించి, నేను నిద్రపోగలనా లేదా అన్న సంగతి గురించి అంతగా ఆలోచించడం నేను ఎరగను.

నాలుగో రోజున బండి గువాహటి చేరింది. అందుకోవడానికి వెళ్ళినప్పుడు మా పంజాబీ సహోద్యోగి కత్తి తీయబోతే ఆపాను, ఎందుకంటే బాబాయి ముందే చెప్పాడు: "కత్తి పెట్టమాక, పట్టా పాడవుద్ది. ఎర్రగుడ్డ కట్టిన కొస ఉంటుంది, అది లాగు." వెనక చక్రం దగ్గర ఆ ఎర్రగుడ్డ పీలిక కనిపించింది. కొస లాగాను. ఆ చివర నుంచి ఈ చివరకు కుట్టంతా జలజలా విడిపోయింది, గోనె రెండుగా తెరుచుకుంది, దాంతోపాటు గుంటూరు మిరప ఘాటు ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. నా పక్కనున్నవాడు ఆగకుండా తుమ్ముతూ దూరంగా పోయాడు. నేను మాత్రం ఆ సంచిలో ముఖం పెట్టుకొని కాసేపు అలాగే ఉండిపోయాను. బండికి ఒక్క గీత కూడా పడలేదు. అద్దాలు గడ్డిలో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

ఈ ఆదివారం ఔట్‌పాస్ తీసుకొని భాలుక్‌పోంగ్ దాకా వెళ్ళివచ్చాను. అడవి మధ్యన నున్నటి రోడ్డు, ఒక మలుపు తిరగగానే పక్కన పచ్చటి నీళ్ళతో కామెంగ్. అరుణాచల్ గేటు దగ్గర బండి ఆపి, ఇంజను చప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ చోట చాలాసేపు నిలబడ్డాను. సేలా ఇంకా ముందుంది, మంచు కాలం చూసుకొని, సెలవు దొరికినప్పుడు వెళతాను.

విజయవాడ స్టేషను పార్సిలు ఆఫీసు వైపు వెళ్ళేవారు ఎవరైనా ఉంటే, చూపుడు వేలికి తోలు తొడుగు వేసుకొని గోనె కుట్టే పెద్దాయన కనిపిస్తే, గుంటూరు మిలిటరీ అబ్బాయి బండి క్షేమంగా చేరిందని, కొస లాగగానే కుట్టు విడిపోయిందని చెప్పండి. టీ కుర్రవాడి నంబరుకు ఫోను చేసి చెప్పించాను గాని, మనిషి ఎదురుగా వెళ్ళి చెబితే ఆయన సంతోషిస్తాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అడిగితే వద్దన్నాడు.

మా ఆవిడ, అమ్మ, బావమరిది అందరూ ఎప్పటిలాగే చేయవలసిందంతా చేశారు, వారికి వేరే చెప్పనక్కరలేదు.

రాయడం మరిచాను. పార్సిలు గుమస్తాగారు రూలు రూలే అన్నప్పటికీ, బాబాయి మళ్ళీ కుట్టేదాకా కౌంటరు మూయకుండా ఆగారు, ఆయనకు నమస్కారం. గుంటూరు కొత్తపేటలో బయలుదేరే ముందు రోజు రాత్రి పది దాకా కూర్చుని చైను, బ్రేకులు సరిచేసిన మెకానిక్ తమ్ముడికి, ట్రంకు పెట్టెలు గుంటూరు నుంచి తెచ్చి ప్లాట్‌ఫారం దాకా మోసిన ఆటో అన్నకు కూడా. ఇంకా, ఆ కార్యాలయం ఎదుట జిరాక్సు కొట్టులో అక్కయ్య ఉన్నారు. ఏ కాగితానికి ఎన్ని ప్రతులు కావాలో లోపలివారు చెప్పకపోతే ఆమే చెప్పారు, ఫారం తప్పు నింపితే కొత్తది ఇచ్చి దగ్గరుండి నింపించారు. ఆమె పెన్ను నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. ఇందాకే చూశాను, నీలం రంగు రెనాల్డ్స్. వచ్చే సెలవులో తెచ్చి ఇస్తానక్కా.